ఫోర్ బై ఫోర్ యాక్సెసరీస్ తయారుచేసేవాళ్లకి, అమ్మేవాళ్లకి, బిగించేవాళ్లకి: బరువెంతో ముందు చెప్పండి

అందరికీ నమస్తే.

నాలుగు చక్రాలకీ ఇంజిన్ శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండ్లకి బుల్ బార్లు (ముందు వేసే గట్టి బంపర్లు), వించ్‌లు (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటార్లు), రూఫ్ ర్యాక్‌లు, స్నార్కెల్‌లు (ఇంజిన్‌కి గాలి పైనుంచి తెచ్చే పైపులు), లిఫ్ట్ కిట్‌లు (బండి ఎత్తు పెంచే సామాన్లు) తయారుచేసే కంపెనీలకి, అవి అమ్మే షాపులకి, బండికి బిగించే మెకానిక్ అన్నలకి కలిపి ఒకే లెటర్ రాస్తున్నా, విడివిడిగా రాస్తే ఎలాగూ ఒకరి మీదికి ఒకరు తోసేసుకుంటారు కాబట్టి. నేను అడిగేది ఒక్కటే. మీరు అమ్మే ప్రతి వస్తువూ బిగించాక ఎంత బరువో, బండిలో ఏ చోట కూర్చుంటుందో, దానికోసం బండి ఏం వదులుకోవాలో డబ్బులు కట్టకముందే కనపడేలా రాయండి. పౌడర్ కోటింగ్ గురించి రాస్తారు, లేజర్ కటింగ్ అని రాస్తారు, ఎక్స్‌ట్రీమ్ అనీ బీస్ట్ అనీ రాస్తారు, బరువు మాత్రం పేజీ అంతా గాలించినా దొరకదు, ఒకవేళ దొరికినా అది అట్టపెట్టెతో కలిపి కొరియర్ వాళ్ల కోసం రాసుకున్న బరువు.

బరువే కదా, దానికింత గోలెందుకు అనుకోకండి. ప్రతి బండికీ దాన్ని చేసిన కంపెనీ ఒక లిమిట్ పెడుతుంది, బండి, మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి ఇంతకి మించకూడదని. జీవీఎం అంటారు, కొన్ని చోట్ల జీవీడబ్ల్యూఆర్ అంటారు, డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్‌లోనో మాన్యువల్‌లోనో ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. ఒక బండి ఖాళీగా 2300 కేజీలు, లిమిట్ 2950 అనుకుందాం, అంటే చేతిలో 650 ఉన్నట్టు. ఇప్పుడు మీ క్యాటలాగ్ తెరుద్దాం. స్టీల్ బుల్ బార్ 60, స్టీల్ వైరుతో వించ్ 40, రెండు పక్కలా డోర్ల కింద రాళ్లు తగలకుండా వేసే రాక్ స్లైడర్లు 50, కింద గార్డు ప్లేట్లు 40, రూఫ్ ర్యాక్ 35, దాని మీద టెంట్ 65, వెనక డ్రాయర్లు 75, ఫ్రిజ్ 25, రెండో బ్యాటరీ, దాని ట్రే, వైర్లు కలిపి 30, స్టెప్నీ క్యారియర్ ఉన్న వెనక బంపర్ 90, ఇంకో ఎక్స్‌ట్రా స్టెప్నీ 35. ఇవేమీ నేను పెంచి రాసినవి కావు, మామూలుగా ఉండే బరువులే. కూడితే 545. మిగిలింది 105. ఇంకా డ్రైవరే ఎక్కలేదు. పక్క సీట్లో ఒకరు కూర్చుంటే అయిపోయింది, 60 లీటర్ల నీళ్లు పెట్టుకుంటే ఇంకో 60 కేజీలు, టూల్ బాక్స్ సంగతి, బట్టల సంగతి దేవుడెరుగు.

పైగా ఆ ఖాళీ బండి బరువు కూడా అన్నిచోట్లా ఒకేలా తూచరు. ఒక పద్ధతిలో ట్యాంకులో 10 లీటర్లే ఉంచి తూస్తారు, ఇంకో పద్ధతిలో 90 శాతం ట్యాంకు నింపి, 75 కేజీల డ్రైవర్‌ని కూడా కలిపి లెక్కేస్తారు. 80 లీటర్ల ట్యాంకైతే డీజిల్ ఒక్కటే దాదాపు 67 కేజీలు. మీరు లాంగ్ రేంజ్ ట్యాంకు అని 140 లీటర్లది అమ్మితే ఇంకో 50. ఇదంతా తెలిసినవాడు కూడా లెక్క వేయలేడు, ఎందుకంటే వేయాల్సిన అంకెలు మీ దగ్గరే ఉన్నాయి, మీరు ఇవ్వరు.

ఓవర్‌లోడ్ అయితే ఏమవుతుంది, కొంచెం బరువుగా నడుస్తుంది అంతే కదా అని కౌంటర్ దగ్గర నవ్వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. బ్రేక్ కొడితే ఆగే దూరం పెరుగుతుంది, టైర్ వేడెక్కుతుంది, వీల్ బేరింగులు తొందరగా పోతాయి. పికప్‌లలో అయితే ఇంకో రకం జరుగుతుంది, వెనక యాక్సిల్ దాటి బరువంతా పెట్టేసి, బండి కుంగుతోందని హెల్పర్ ఎయిర్ బ్యాగులు వేసి పైకి లేపేస్తారు, చూడ్డానికి బండి లెవెల్‌గానే ఉంటుంది, గతుకుల్లో మాత్రం ఆ బ్యాగు పొడిచేది ఛాసిస్‌లో ఒకే చోట, చివరికి క్యాబిన్ వెనకాల ఛాసిస్ వంగిపోతుంది. ఆ బ్యాగులు అమ్మినవాళ్లు ఇది వెనక కుంగకుండా చూస్తుంది అన్నారు, నిజమే, మోసే లిమిట్ మాత్రం ఒక్క కేజీ కూడా పెరగదు అని చెప్పలేదు.

బరువెంత అన్నది సగం విషయమే, ఎక్కడ పెడుతున్నాం అన్నది మిగతా సగం. బుల్ బార్, వించ్ కలిపి 100 కేజీలు. అది ముందు యాక్సిల్ మీద కూర్చోదు, దానికంటే ముందు, ఒక 80 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుంది. వీల్‌బేస్ 280 సెంటీమీటర్లు అనుకుంటే ముందు యాక్సిల్ మీద పడేది 100 కాదు, దాదాపు 129, ఆ పైన 29 వచ్చింది వెనక యాక్సిల్ నుంచి. కావడికి ఒక పక్క బరువెక్కితే రెండో పక్క లేచినట్టే. అందుకే బార్ వేయించాక ముందు స్ప్రింగులు కుంగి, ఖాళీగా పోతున్నప్పుడు వెనక తేలిగ్గా అయిపోయి, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక పట్టు తగ్గినట్టు అనిపిస్తుంది. ముందు యాక్సిల్‌కి విడిగా ఒక లిమిట్ ఉంటుంది, వెనక దానికి ఇంకొకటి. మొత్తం లిమిట్‌లో ఉండి ఒక యాక్సిల్ మాత్రం దాటేసిన బండ్లు ఎన్నో. అదే వించ్‌కి స్టీల్ వైరు బదులు సింథటిక్ తాడు వేస్తే సుమారు 10 కేజీలు తగ్గుతుంది, అదీ సరిగ్గా ఆ ముక్కు దగ్గరే. ఈ ఒక్క మాట చెప్పి అమ్మితే తాడు మీద మీకే లాభం కదండీ.

స్ప్రింగుల దగ్గరికొద్దాం, ఇక్కడ నాకు నిజంగానే కోపం ఉంది. కస్టమర్ షాపులోకి రాగానే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎన్ని ఇంచులు లేపాలి అని కాదు. బండి మీద రోజూ ఉండే బరువెంత, అది ముందా వెనకా అని. మంచి కంపెనీలు ఒకే బండికి స్ప్రింగులు మూడు నాలుగు రకాలు చేస్తాయి, బార్ లేనివాళ్లకి ఒకటి, బార్ ఉన్నవాళ్లకి ఒకటి, బార్ వించ్ రెండూ ఉన్నవాళ్లకి ఇంకొకటి, వెనక ఎప్పుడూ ఫుల్ లోడ్ ఉండేవాళ్లకి వేరేది. మీ బోర్డు మీద మాత్రం "2 ఇంచుల లిఫ్ట్" అని ఒకటే రాసుంటుంది. వెనక 300 కేజీల కోసం చేసిన స్ప్రింగుని ఖాళీ బండికి వేస్తే ప్రతి గతుకుకీ ఎగిరెగిరి పడుతుంది, టైర్ రోడ్డుని సరిగ్గా పట్టదు. కొన్నవాడు సస్పెన్షన్ అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని నడుం నొప్పితో తిరుగుతుంటాడు.

లేపాక జరిగేవి కూడా పెట్టె మీద ఉండాలి. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు) ఉన్న బండిని లేపితే క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ దానంతటది నిటారుగా వెనక్కి రావడం తగ్గి హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉంటుంది, యాక్సిల్‌ని పక్కలకి కదలకుండా పట్టే ప్యాన్‌హార్డ్ రాడ్ వల్ల యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. ఇండిపెండెంట్ సస్పెన్షన్ అయితే చక్రాలకి శక్తి అందించే సీవీ జాయింట్ల యాంగిల్ పెరుగుతుంది, చక్రం కిందికి దిగాల్సిన దూరం ఆ మేరకి తగ్గిపోతుంది. స్ట్రట్ పైన స్పేసర్ పెట్టి లేపిన ఒక బండిని నేను గ్యారేజీ లిఫ్ట్ మీద చూశా, చక్రం గాల్లో వేలాడుతుంటే పై ఆర్మ్ వెళ్లి కాయిల్‌కి ఆనుకుని ఉంది, ఆర్మ్ మీద పెయింట్ పోయి అక్కడ లోహం అద్దంలా మెరుస్తోంది, పక్కనే బ్రేక్ హోస్ వీణ తీగలా బిగుసుకుని ఉంది. బండి నేల మీద నిలబడినప్పుడు ఇవేవీ కనపడవు, బిగించినవాళ్లు నేల మీద నిలబెట్టి ఫొటో తీసి పంపేశారు. లిఫ్ట్ కిట్‌తో పాటు ఈ బండికి క్యాస్టర్ కరెక్షన్ కావాలా, పై ఆర్మ్‌లు మార్చాలా, బ్రేక్ హోస్ సరిపోతుందా, హెడ్‌లైట్లు మళ్లీ దించాలా, ముందు కెమెరా రాడార్ ఉంటే క్యాలిబ్రేషన్ చేయించాలా అని ఒక కాగితం పెట్టడానికి ఏమంత ఖర్చు?

టైర్ల గురించి క్లుప్తంగా. 265/70 ఆర్ 17 టైర్ ఎత్తు సుమారు 803 ఎంఎం, 285/75 ఆర్ 17 అయితే 859. తేడా 56 ఎంఎం, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద పెరిగేది మాత్రం అందులో సగం, 28. దానికి బదులుగా స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే అసలు బండి 107 దగ్గర ఉంటుంది, గేరింగ్ అంతా 7 శాతం పొడుగైపోతుంది కాబట్టి లో రేంజ్‌లో మెల్లగా పాకే గుణం తగ్గుతుంది, ఒక్కో టైర్ ఐదారు కేజీలకి పైనే బరువు పెరుగుతుంది, అదీ సస్పెన్షన్ కింద తిరిగే బరువు. ఇవన్నీ తెలిసి కూడా కావాలంటే వేసుకుంటాం, మా ఇష్టం. కానీ తెలిసి వేసుకోవాలి. లోడ్ ఇండెక్స్ (టైర్ ఎంత మోయగలదో చెప్పే అంకె) మాత్రం ఎప్పుడూ కంపెనీ చెప్పినదానికంటే తక్కువది అంటగట్టకండి, 116 అంటే టైరుకి 1250 కేజీలు, 121 అంటే 1450, ఆ అంకె టైర్ పక్కన రాసే ఉంటుంది, చూపించి అమ్మండి.

వించ్ మీద 9500 పౌండ్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది, అంటే 4300 కేజీలు. ఆ లాగుడు డ్రమ్ మీద తాడు మొదటి లేయర్‌లో ఉన్నప్పుడే వస్తుందని, అంటే తాడు దాదాపు మొత్తం బయటికి లాగేశాకే అని, ఎంతమంది కొనేవాళ్లకి చెప్పారు? డ్రమ్ నిండుగా ఉండగా పై లేయర్‌లో లాగితే అందులో మూడో వంతు దాకా పోతుంది, మిగిలేది సుమారు 2870. బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు ఉండాలని ఒక లెక్క ఉంది కదా, పైన చెప్పిన 2950 బండికి అది 4425, అంటే మొదటి లేయర్‌లోనే 9500 వించ్ కొంచెం తక్కువ పడుతోంది. ఒక స్నాచ్ బ్లాక్ (తాడు మడిచి వేసే కప్పీ) కలిపి ఇవ్వండి, వేగం సగమైనా లాగుడు దాదాపు రెట్టింపు అవుతుంది, పెద్ద వించ్ బరువు ముక్కు మీద మోయక్కర్లేదు. ఫుల్ లోడ్‌లో 400 ఆంపులు పైనే తాగుతుంది, బ్యాటరీ, ఆల్టర్నేటర్ సంగతి ముందే చూడమని కూడా ఒక ముక్క చెప్పండి.

రికవరీ పాయింట్ల (దిగబడ్డ బండిని లాగడానికి తాడు తగిలించే చోట్ల) గురించి మాత్రం తొందరపడకుండా రాస్తా, ఇక్కడ ప్రాణాలు పోతాయి. ముందు బంపర్ కింద ఉండే చిన్న ఉంగరం చాలా బండ్లలో ఓడలోనో ట్రక్కులోనో బండిని కదలకుండా కట్టడానికి పెట్టింది, ఇసుకలో దిగబడ్డ బండిని కైనెటిక్ తాడుతో, అంటే సాగే తాడుతో గుంజడానికి కాదు. ట్రెయిలర్ తగిలించే టో బాల్ అయితే అసలు వాడకూడదు, అది విరిగిందంటే తాడులో సాగి ఉన్న బలమంతా ఆ ఇనుప గుండుని తీసుకెళ్లి అద్దంలోంచి లోపల కూర్చున్న మనిషి మీదికి విసురుతుంది, అలా చనిపోయినవాళ్లు ఉన్నారు. మరి మీరేం చేస్తున్నారు? మందంగా ఒక ప్లేటు కోసి, ఎర్ర రంగేసి, రికవరీ పాయింట్ అని అమ్ముతున్నారు. ఎన్ని టన్నులకి పరీక్ష చేశారు, ఏ బండి ఛాసిస్‌కి, ఎన్ని బోల్టులతో, ఏ గ్రేడ్ బోల్టులతో? 8.8 బోల్టు వేయాల్సిన చోట తలమీద ఏ గుర్తూ లేని బోల్టు వేస్తే పై ప్లేటు ఎంత మందమున్నా ప్రయోజనం లేదు. తాడుని రికవరీ పాయింట్‌కి తగిలించే షాకిల్ మీద చూడండి, 4.75 టన్నులు అని పోతపోసి ఉంటుంది, అది రోజూ మోయగలిగే లిమిట్, తెగే బలం అంతకి చాలా రెట్లు. తాళ్ల మీద 8 టన్నులు అని రాసేదేమో తెగే బలం. ఒకటి పనిచేసే లిమిట్, ఇంకొకటి తెగిపోయే లిమిట్, రెండూ పక్కపక్కనే పెట్టి ఒకే కిట్‌గా అమ్ముతారు, కొన్నవాడు 4.75 కంటే 8 పెద్దది కదా అని తాడే గట్టిదనుకుంటాడు. దీనికి జవాబు చెప్పాల్సింది మీరే.

రూఫ్ లెక్క కూడా ఇంతే. బండి కదులుతున్నప్పుడు పైకప్పు మోసే లిమిట్ వేరు, నిలబడి ఉన్నప్పుడు వేరు, టెంట్‌లో ఇద్దరు పడుకోగలిగేది రెండోదాని వల్ల. మీరు ఆ రెండో పెద్ద అంకెనే ఫొటో మీద వేస్తారు. కదిలే లిమిట్ 100 కేజీలైతే అందులోనే ర్యాక్ 35 పోతుంది, మిగిలిన 65 టెంట్‌కే చెల్లు, ఇక ఆ పైన జెర్రీ క్యాన్లు, స్టెప్నీ, పార పెట్టిన ఫొటోలు మీ పేజీ నిండా ఉన్నాయి. అదీ తారు రోడ్డు లెక్క, గతుకుల్లో ఇంకా తగ్గించాలి, చాలా ర్యాక్ కంపెనీలే ఆ తగ్గింపు లెక్క మాన్యువల్‌లో లోపలెక్కడో చిన్నక్షరాలతో ఇస్తాయి. పక్కకి వాలిన దారిలో ఆ ఎత్తున ఉన్న ప్రతి కేజీ బండిని బోల్తా కొట్టించే వైపే పనిచేస్తుంది.

స్నార్కెల్ వేశాక నీళ్లలో ఎంత లోతైనా దిగొచ్చు అనే ప్రచారం ఆపండి. గాలి పైనుంచి తీసుకుంటుంది, అంతే. ఎయిర్ బాక్స్ కింద నీళ్లు కారిపోవడానికి చిన్న రబ్బర్ వాల్వ్ ఉంటుంది, దాని గురించి పట్టించుకోరు, పైపు జాయింట్‌లో క్లాంప్ వదులుగా వదిలేస్తారు, నీళ్లు అక్కణ్నించి పోయాయంటే సిలిండర్‌లో నలగని నీటికి కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజిన్ ఖాళీ. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని సీల్ దగ్గరనుంచి నీళ్లు పీల్చుకుంటుంది, అందుకే దానికి గాలి అందించే బ్రీథర్ పైపులు పైకి పెట్టాలి, అది వేయని స్నార్కెల్ సగం పనే. నన్నడిగితే స్నార్కెల్ ఎక్కువ పనికొచ్చేది దుమ్ములో, ముందు బండి లేపిన దుమ్ము కంటే పైనున్న గాలి తీసుకుంటుంది కాబట్టి. లైట్ల గురించి ఎక్కువ చెప్పను, లూమెన్లు (మొత్తం వెలుతురు) ఎల్ఈడీ చిప్ దగ్గర లెక్కేసి రాయడం మానేసి ఎంత దూరంలో ఎన్ని లక్స్ (అక్కడ పడే వెలుతురు) పడుతుందో రాయండి చాలు.

ఈ వ్యాపారం అసలు ఎలా మొదలైందో గుర్తుచేయాలనిపిస్తోంది. 1948లో మొదలైన వార్న్ కంపెనీ మొదట చేసింది వించ్ కాదు, లాకింగ్ హబ్. యుద్ధం అయ్యాక మిగిలిన జీపుల్ని రోడ్డు మీద వాడుకునేవాళ్లకి, ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేనప్పుడు ముందు యాక్సిల్ షాఫ్టులు ఊరికే తిరగకుండా విడదీసేది అది. అంటే బండి మీద భారం తగ్గించే వస్తువు. 1975లో మెల్‌బోర్న్‌లో ఏఆర్‌బీ అనే కంపెనీ పెట్టినాయన కూడా అప్పటి బుల్ బార్లు, ర్యాక్‌ల నాణ్యత చూసి విసుగొచ్చి సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. అంటే వాడేవాడి బాధ తెలిసి మొదలైన పని ఇది, కేవలం పార్కింగ్‌లో బాగా కనపడాలని కాదు.

బరువు రాస్తే జనం కొనరు అని మీలో ఒకాయన నాతో అన్నారు. కొందరు కొనరు, నిజమే. అన్నీ వేయించుకుందామని వచ్చినవాడు ముందు మంచి టైర్లు, ఒక కంప్రెసర్, గాలి తగ్గించే డిఫ్లేటర్, రేటింగ్ ఉన్న రికవరీ పాయింట్లు తీసుకుని ఆగుతాడు, ఇసుకలో టైర్ గాలి 35 పీఎస్ఐ నుంచి 18కి దించితే వచ్చే లాభం సగం క్యాటలాగ్ కంటే ఎక్కువ కాబట్టి. ఇంకొకడు స్టీల్ బార్ బదులు అల్యూమినియం బార్ తీసుకుంటాడు, లెడ్ బ్యాటరీ బదులు లిథియం తీసుకుని 15 కేజీల పైనే మిగుల్చుకుంటాడు, అవి ఖరీదైనవే, మీకు మిగిలేది తక్కువేం కాదు. అసలు అడిగి మరీ వచ్చేది అలాంటివాళ్లే.

ఇక బిగించే అన్నలకి విడిగా రెండు మాటలు. బండి దించేముందు చక్రాలు పూర్తిగా వేలాడదీసి ఒకసారి, పూర్తిగా నొక్కి ఒకసారి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి ఒకసారి చూడండి, ఎక్కడ ఏది తగులుతోందో అక్కడే తెలిసిపోతుంది. రెండో బ్యాటరీ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే వేయండి, వైరు చివర ఫ్రిజ్ దగ్గర వేస్తే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడదు. టార్క్ చేసిన ప్రతి బోల్టు తల మీద పెయింట్ గీత గీయండి, వదులైతే మాకే కనపడుతుంది, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించడానికి రమ్మని మీరే ఫోన్ చేయండి. వీలైతే పనికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బండిని కాటా ఎక్కించి, ముందు యాక్సిల్ వెనక యాక్సిల్ విడివిడిగా తూచిన చీటీ బిల్లుకి పిన్ కొట్టి ఇవ్వండి, దానికి మీరు చార్జి వేసినా ఇస్తాం. విప్పిన ఒరిజినల్ స్ప్రింగులు, బంపరు, బోల్టులు మాత్రం పాత ఇనుముకి వేయకుండా మాకే ఇచ్చేయండి, బండి అమ్మే రోజున అడిగేది అవే.

ఇట్లు,
బండి కింద పడుకుని చూసే అలవాటున్న ఒక ఓనర్